చింతగింజల సంచిలో కోహ్లీ ఫామ్

ఆస్ట్రేలియాతో మెల్‌బోర్న్ టెస్ట్ ఆఖరి రోజు, 2024 డిసెంబర్ 30. వాళ్లకు టీ బ్రేక్ అంటే మనకు పొద్దున టిఫిన్ టైమ్. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర నేను రోజూ పోయే హోటల్లో ఉగ్గాని బజ్జి తింటా ఫోన్లో స్కోరు చూస్తే 112కి 3. గెలిచేకి కావాల్సిన 340 కొట్టేది లేదు గానీ డ్రా ఐతే ఐపోతుందిలే అనుకుంటిమి. ఇంకో రెండు టీలు తాగేలోపల 155కి ఆలౌట్, చివరి ఏడు వికెట్లు 34 పరుగులకే పోయినాయి, 184 పరుగుల తేడాతో ఓడిపోయినాం. ఇంక హోటల్లో పంచాయితీ మొదలు. రోహిత్‌కు 9, కోహ్లీకి 5. గల్లాపెట్టె దగ్గరాయన "ఇద్దరికీ కన్ను పోయిందప్పా, ఇంటికి పంపియ్యాల" అని తీర్పు చెప్పేసినాడు. నా దగ్గర డిగ్రీ చదివే పిల్లోడొకడు కోహ్లీ భక్తుడు, వాడికి కళ్ళల్లో నీళ్ళొక్కటే తక్కువ. "ఫామ్ అన్నా, ఫామ్ వేరే, క్లాస్ వేరే, పెర్త్‌లో సెంచరీ కొట్టి నెల దాటిందంతే" అంటాడు. ఆఖరికి నా మీదికొచ్చినాడు: "సార్, మీరు స్టాటిస్టిక్స్ చెప్తారు కదా, ఒక్క సిరీస్ చూసి ఒక మనిషి ఐపోయినాడని చెప్పచ్చా?"

ఆ రోజు వాడికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయినా. తర్వాత నాలుగున్నర నెలలకే, 2025 మేలో, రోహిత్ ఏడో తారీఖున, కోహ్లీ పన్నెండున టెస్టులు వదిలేసినారు, గల్లాపెట్టె ఆయన "చెప్పలేదా నేను" అని వారం రోజులు మీసం తిప్పినాడు. ఆయన చెప్పింది నిజమైంది గానీ చెప్పిన కారణం కరెక్టా కాదా అనేదే నా పట్టుదల. దాని కోసం చింతగింజలు కావాల.

సంచిలో యాభై చింతగింజలు వేయండి. ఒకదాని మీద వైట్‌నర్ చుక్క పెట్టండి. (చిన్నప్పుడు ఆటకు చేసినట్ల బండ మీద అరగదీసి తెల్లగా చేయద్దండి, వేలికి నున్నగా తగిలి తెలిసిపోతుంది, పిల్లోళ్లు దొంగాట ఆడతారు, నాకు అనుభవం.) చూడకుండా ఒక గింజ తీయాల. చుక్క లేకుంటే ఒక పరుగు, గింజ మళ్ళీ లోపల వేసి కలపాల. చుక్క గింజ వచ్చిందా, అవుట్. అంతే ఆట. ఈ సంచికి కాళ్ళు లేవు, కళ్ళు లేవు, వయసు లేదు, పొద్దున పెళ్ళాంతో గొడవ పడి రాలేదు. దాని సగటు ఎప్పుడూ 49. అంటే మంచి టెస్ట్ బ్యాట్స్‌మన్ అన్నమాట.

ఇప్పుడు ఈ సంచి కొట్టే స్కోర్లు చూడండి. యాభైకి దగ్గర దగ్గర వస్తాయి అనుకుంటారు, రావు. సగం ఇన్నింగ్స్‌లు 34 దాటవు. దాదాపు ఐదింట ఒకటి పది లోపలే పోతుంది. అదే సంచి ఏడెనిమిది ఇన్నింగ్స్‌లకు ఒకసారి సెంచరీ కొడుతుంది, ఆ సెంచరీలే సగటును పైకి లాగి పెడతాయి. మా క్లాసులో చేయించినప్పుడు ఒక పిల్లోడికి మూడో గింజకే చుక్క వచ్చింది, పక్కన పాప వంద దాటిపోయి ఇంకా తీస్తానే ఉంది, క్లాసంతా బల్లలు కొట్టడం. రెండో రౌండులో ఆ పాపకే నాలుగు. వెనక బెంచీ వాడొకడు "ఫామ్ పోయింది సార్" అన్నాడు. సంచి అదే కదరా, గింజలు అవే కదరా, ఫామ్ యాడుండేది పోయేకి?

ఇది నేను కనిపెట్టింది కాదు. 1945లోనే ఎల్డర్టన్, వుడ్ అనే ఇద్దరు ఇంగ్లండు వాళ్ళు క్రికెట్ స్కోర్లు గుణశ్రేఢి లెక్కన (ఒక్కో పరుగు పైకి పోయే కొద్దీ అందుకునే అవకాశం అదే వంతున తగ్గుతా పోవడం) వస్తాయా అని రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ పత్రికలో రాసినారు. ఇంటర్లో గుణశ్రేఢి చెప్పేటప్పుడు మనం చదరంగం బల్ల మీద బియ్యం గింజల కథ చెప్పి వదిలేస్తాం, టెండూల్కర్ స్కోర్లతో చెప్తే ఒక్కడన్నా నిద్రపోతాడా?

ఇంక కొంచెం గట్టి లెక్క, రెండు నిమిషాలు ఓపిక పట్టండి. ఇట్లాంటి సంచికి ఒక విచిత్రమైన గుణం ఉంది, దాని స్టాండర్డ్ డీవియేషన్ దాదాపు దాని సగటుకు సమానం. సగటు యాభై ఐతే అటూ ఇటూ ఊగేది కూడా యాభై. పది ఇన్నింగ్స్‌ల సగటు తీస్తే ఆ ఊగడాన్ని పది వర్గమూలంతో భాగించాల, యాభైని 3.16తో భాగిస్తే దాదాపు 16. అంటే నిజంగా యాభై సగటున్న మనిషి పదిసార్లు అవుటయ్యే ఒక సిరీస్‌లో 34కూ 66కూ మధ్యన ఎక్కడైనా తేలచ్చు, అది కూడా మూడింట రెండు సార్లే, మిగతా ఒక వంతు ఇంకా పైనో ఇంకా కిందో. ఆరేడు సిరీస్‌లకు ఒకటి 34 కంటే తక్కువ సగటుతో పోతుంది, ఏ కారణమూ లేకుండా! ఆ సిరీస్ ఇరవై రెండేళ్ళప్పుడు వస్తే "కుర్రోడు, నేర్చుకుంటాడు" అంటాం, ముప్పై ఆరప్పుడు వస్తే "కన్ను పోయింది" అంటాం.

మన జిల్లా వాళ్ళకు దీన్ని వేరే చెప్పే పని లేదు నిజానికి. అనంతపురం సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్లు అని పుస్తకాల్లో ఉంటుంది, ఆ 550 నమ్ముకుని చెనిక్కాయ విత్తిన రైతును అడగండి సగటు అంటే ఏందో. ఒక ఏడు ఎండిపోతే మేఘానికి వయసైపోయిందని ఎవురూ అనరు. పదేళ్ళ పైర్లు చూసి మాట్లాడతారు. అదే మనిషి హోటల్లో కూచుంటే మూడు ఇన్నింగ్స్‌లు చూసి కోహ్లీ చరిత్ర రాసేస్తాడు.

ఒప్పుకోవాల్సింది ఒకటుంది, ఈ సంచి మొదట్లో అబద్ధం చెప్తుంది. ఆస్ట్రేలియా డాన్ బ్రాడ్‌మన్‌ను తీసుకోండి, సగటు 99.94, అంటే వంద గింజల సంచి. 80 ఇన్నింగ్స్‌లలో సున్నాకు అవుటయ్యేది ఒక్కసారి కూడా సరిగ్గా రాకూడదు. ఆయన ఏడుసార్లు డకౌట్! 1948లో ఓవల్‌లో ఆఖరి ఇన్నింగ్స్ కూడా అదే, నాలుగు పరుగులు కొట్టింటే సగటు వంద అయ్యేది, ఇంగ్లండ్ స్పిన్నర్ హోలీస్ రెండో బంతికే బౌల్డ్ చేసేసినాడు. అంటే బ్యాట్స్‌మన్ కుదురుకునే లోపల సంచిలో చుక్క గింజలు ఎక్కువ ఉంటాయి, ఇరవై ముప్పై దాటినాక తగ్గుతాయి. మనోళ్ళు "కొత్త బంతికి నిలబడితే చాలు" అనేది ఇదే. ఈ సవరణ వేస్తే ఊగడం ఇంకొంచెం పెరుగుతుందే తప్ప తగ్గదు, కాబట్టి పై మాట ఇంకా గట్టిపడుతుంది.

సరే, కోహ్లీ. ఆ ఆస్ట్రేలియా సిరీస్‌లో ఆయన స్కోర్లు 5, 100 నాటౌట్, 7, 11, 3, 36, 5, 17, 6. మొత్తం 190, ఎనిమిది సార్లు అవుట్, సగటు 23.75. మంచి రోజుల్లో, 2019 చివరికి, ఆయన సగటు 55. ఆ 55 సంచే ఇట్లాంటి సిరీస్ ఆడే అవకాశం ఎంత అంటే నలభైకి ఒకటి లాగా వస్తుంది. చాలా తక్కువ అనిపిస్తుంది గానీ ముప్పై నలభై సిరీస్‌లు ఆడే మనిషికి ఒకటి ఇట్ల పడడం వింతేం కాదు. కాబట్టి ఆ రోజు మా పిల్లోడి మాటే కరెక్టు, ఒక్క సిరీస్ చూసి చెప్పలేం.

కానీ వాడు సంబరపడే లోపలే ఇంకో లెక్క చూపించినా. 2020 నుంచి రిటైర్ అయ్యేదాకా తీయండి: 39 టెస్టులు, 2028 పరుగులు, 66 సార్లు అవుట్, సగటు 30.7. ఇది ఎనిమిది గింజల కథ కాదు, అరవై ఆరు. 55 సంచిలో నుంచి ఇట్లాంటిది రావాలంటే లక్షకు ఒకటి. సంచి మారింది, చుక్క గింజలు పెరిగినాయి, ఇందులో అనుమానం లేదు. గల్లాపెట్టె ఆయనకు పాయింటు వచ్చినట్టే.

ఐతే వయసు వల్లనా? 2020 మొదట్లో కోహ్లీకి 31. అది కన్ను పోయే వయసా? అదే ఏళ్ళల్లో పుజారా పడిపోయినాడు, రహానే పడిపోయినాడు. ముగ్గురికీ ఒకేసారి చూపు మందగించింది అనడం కంటే, ఆ ఐదేళ్ళలో చాలా పిచ్‌లు బౌలర్ల పక్క ఉన్నాయనడం నాకు సులువుగా మింగుడుపడుతుంది. పూర్తిగా అదే అని కూడా అనను, అందరూ పడిపోలేదు కదా.

కన్ను సంగతి కూడా చూసేద్దాం, తొందరగా. 140 కిలోమీటర్ల బంతి చేతిలో నుంచి బ్యాట్ దాకా అర సెకను కంటే తక్కువ. కంట్లో పడింది మెదడు చూసి చేతికి చెప్పేకే దాదాపు 0.2 సెకను పోతుంది, కాబట్టి బంతి పిచ్ పడినాక ఆఖర్లో పక్కకు పోతే దేవుడైనా బ్యాట్ తిప్పలేడు, ముందే ఊహించి ఆడాల. ఇరవైల నుంచి ముప్పైల చివరికి ఉత్త రియాక్షన్ టైమ్ పెరిగేది కొన్ని మిల్లీసెకన్లే. కొన్ని అంటే? ఐదు అనుకోండి, ఆ లోపల బంతి జానెడు దూరం పోతుంది. జానెడు అంటే క్రికెట్‌లో తక్కువ కాదు, ఒప్పుకుంటా, కానీ పదిహేనేళ్ళ అనుభవం బౌలర్ మణికట్టు చూసి దానికంటే చాలా ఎక్కువ ముందే పసిగడుతుంది. దగ్గర అక్షరాలు కనపడక నలభైల్లో కళ్ళజోడు పెడతాం చూడండి, దానికీ ఇరవై గజాల అవతలి బంతికీ సంబంధమే లేదు. మా గల్లాపెట్టె ఆయన తన కళ్ళజోడు చూసుకుని కోహ్లీకి రోగం రాసినాడని నా అనుమానం.

ఈ గింజల ఆట తెలిస్తే ఇంకో భ్రమ పోతుంది. ఘోరంగా ఆడినోడిని తిడితే తర్వాత బాగా ఆడతాడు, పొగిడితే చెడిపోతాడు అని కోచ్‌లూ, మా లెక్చరర్లూ గట్టిగా నమ్ముతారు. మూడు కొట్టిన సంచిని తిట్టండి, తర్వాత సారి మూడు కంటే ఎక్కువే కొడుతుంది, తొంభై శాతం పైన గ్యారంటీ. నూట ఇరవై కొట్టిన సంచిని పొగడండి, తర్వాత తగ్గుతుంది, అదీ అంతే గ్యారంటీ. సంచికి చెవుల్లేవు కదా! నేను ఇరవై ఏళ్ళు పిల్లోళ్ళను తిట్టి, వాళ్ళు మారినారని మురిసిపోయినా, ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. ఇంట్లో కుర్చీ మారిస్తే వికెట్ పడదు అనే వాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు, మా ఇంట్లో ఆ కుర్చీ నాదే.

పరుగులు ఇంత ఊగితే మరి వయసును పట్టేది ఎట్ల? నాకు నచ్చిన దారి, ఎన్ని కొట్టినాడో కాదు, ఎట్ల అవుటైనాడో చూడాల. 'గోడ' అని పేరుపడిన ద్రవిడ్‌ను గుర్తు తెచ్చుకోండి. 2011 ఎండాకాలం ఇంగ్లండ్‌లో, ముప్పై ఎనిమిదేళ్ళకు, టీమ్ అంతా కూలిపోతాంటే ఒక్కడే మూడు సెంచరీలు, 461 పరుగులు. ఆరు నెలలు తిరక్కముందే ఆస్ట్రేలియాలో 194 పరుగులు, సగటు 24.25. పరుగుల లెక్కలో ఇది కోహ్లీ సిరీస్ లాంటిదే, సంచి ఊగడం అనుకోవచ్చు. కానీ ఎనిమిది అవుట్లలో ఆరు బౌల్డ్! కెరీర్ మొత్తంలో ఆయన బౌల్డ్ అయింది ఐదింట ఒకటి చొప్పున. ఆ చొప్పున పోతే ఎనిమిదింట ఆరు పడే అవకాశం ఎనిమిదివందలకు ఒకటి. అదే ఎనిమిది అవుట్లు, పరుగులు చూస్తే ఏమీ చెప్పవు, స్టంపులు చూస్తే అరుస్తాయి. గోడకు బీట పడింది అని ఆయనకే అందరికంటే ముందు తెలిసింటుంది, 2012 మార్చిలో మానేసినాడు.

ఇక్కడ నేనే ఒక చిన్న మోసం చేసినా, చెప్పేస్తా. ఎందరో ఆటగాళ్ళల్లో నుంచి కథకు సరిపోయే ద్రవిడ్‌ను ఏరుకుని, అంతా ఐపోయినాక లెక్క వేసినా. వందమంది ఆడిన సిరీస్‌లన్నీ వెతికితే ఎనిమిదివందలకు ఒకటి లాంటిది ఎక్కడో ఒకటి దొరుకుతుంది. సరిగ్గా చేయాలంటే ముందే ఫలానాది చూస్తా అని రాసి పెట్టుకుని తర్వాత మ్యాచ్ చూడాల. కోహ్లీ ఎనిమిదికి ఎనిమిది సార్లు ఆఫ్‌స్టంప్ బయట బంతికే కీపర్‌కో స్లిప్‌కో ఇచ్చినాడనేది కూడా ఇట్లాంటిదే, సిరీస్ ముందే చెప్పింటే దాని బరువు వేరే.

మా పిల్లోడికి ఈ మాట బాగా ఎక్కింది. ఇప్పుడు ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టుకుని, ఇంగ్లండ్ బ్యాట్స్‌మన్ జో రూట్ ఎట్ల అవుటవుతాడో వరసగా రాస్తాండాడు, మొదటి పేజీలో "బౌల్డ్, ఎల్బీ మాత్రమే లెక్క" అని ముందే రాసి తారీఖు వేసి నాతో సంతకం పెట్టించుకున్నాడు. పోయినసారి చూసినప్పుడు పదకొండు అవుట్లు. చాలవురా, ఇంకో నలభై కావాల అంటే, "ఆయన అన్నాళ్ళు ఆడతాడంటారా సార్" అన్నాడు. గల్లాపెట్టె ఆయన నోట్లు లెక్కపెడతానే, "ఆడడప్పా, వానికీ కన్ను పోతాంది" అన్నాడు.