గార్డినర్ చలికాలపు ఎల్క్ వేట: ఒక పర్మిట్ వెనకున్న చరిత్ర

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో ఎల్క్ అనే పెద్ద జింకల వేట ఏటా సెప్టెంబరులో విల్లంబులతో మొదలై, అక్టోబరు చివర తుపాకుల చేతికి వచ్చి, నవంబరు ఆఖరు వారంతో ముగుస్తుంది. అయితే కొన్ని ప్రాంతాలకు మాత్రం ఆ తర్వాత, మంచు మోకాళ్ల లోతు పేరుకున్న జనవరి, ఫిబ్రవరి నెలల్లో, మరో విడత వేటకు అనుమతి ఇచ్చే పద్ధతి ఉంది. అక్కడివాళ్లు దీన్ని 'లేట్ హంట్' అంటారు. ఈ విడతలో దాదాపు ఎప్పుడూ ఆడ ఎల్కులకే పర్మిట్లు ఇస్తారు. వేటగాడికి అది ఏడాది పొడవునా ఇంటికి సరిపడే మాంసం తెచ్చిపెట్టే అవకాశం కాగా, మందకు అది వచ్చే వేసవిలో ఈనవలసిన తల్లి. ఆ పర్మిటుకు దరఖాస్తు చేయడం సబబా కాదా అన్న ప్రశ్నకు కాలక్షేపపు లెక్కలతో జవాబు దొరకదు. ఆ వేటను ఎందుకు పెట్టారో, ఎందుకు ఆపారో తెలిస్తే గాని ఆ ప్రశ్న సరిగ్గా అర్థం కాదు. అది తెలుసుకోవడానికి గార్డినర్ కంటే మంచి ఉదాహరణ లేదు.

మన నల్లమలలో తిరిగే కణితికి ఎల్క్ దూరపు బంధువు, కాకపోతే కొలతలో చాలా పెద్దది. ఎదిగిన ఆడ ఎల్క్ సుమారు 225 కిలోలు, కొమ్ములున్న మగది 300 కిలోలకు పైగా తూగుతాయి. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట దాదాపు పూర్తిగా నిషిద్ధం కనుక, ప్రభుత్వమే లెక్కగట్టి ఇన్ని జంతువులను చంపమని పౌరులకు లాటరీ తీయడం మన పాఠకులకు వింతగా తోచవచ్చు. అమెరికాలో వన్యప్రాణులు ప్రజల ఉమ్మడి ఆస్తి. వాటి సంఖ్యను అదుపులో ఉంచే బాధ్యత రాష్ట్రానిది. ఆ పనికి రాష్ట్రం వాడే ముఖ్య సాధనాల్లో వేటగాడు ఒకడు. లేట్ హంట్ పర్మిటును అర్థం చేసుకోవడానికి ఈ మాట ముందే తెలిసి ఉండాలి.

గార్డినర్ ఎల్లోస్టోన్ జాతీయ పార్కు ఉత్తర ద్వారం దగ్గరున్న చిన్న ఊరు. పార్కు ఉత్తర భాగంలో వేసవంతా ఎత్తు పచ్చిక మైదానాల్లో మేసే ఎల్కులు మంచు పడగానే లమార్ లోయ మీదుగా, ఎల్లోస్టోన్ నది వెంబడి కిందికి దిగుతాయి. గట్టి చలి పడిన ఏడాది వేలాదిగా పార్కు సరిహద్దు దాటి, గార్డినర్ పక్కనున్న గుట్టల మీదకు, అక్కడి నుంచి ఉత్తరాన పారడైజ్ లోయలోని పశుక్షేత్రాల వైపుకు సాగుతాయి. సరిహద్దు కాగితం మీద గీసిన గీత. దానికి ఇవతల ఎల్కును ముట్టుకోకూడదు, అవతల వేటాడవచ్చు. నూట యాభై ఏళ్ల చరిత్ర అంతా ఆ గీత చుట్టూ తిరిగినదే.

పార్కు 1872లో ఏర్పడినా, తొలి పదేళ్లు అందులో వేటకు అడ్డే లేదు. తోళ్ల కోసం వచ్చిన వ్యాపార వేటగాళ్లు ఒక్కో చలికాలంలో వేల ఎల్కులను చంపి, మాంసాన్ని అక్కడే కుళ్లిపోనిచ్చారు. 1883లో పార్కులో వేటను నిషేధించారు, 1886లో కాపలాకు సైన్యం వచ్చింది, 1894 నాటి లేసీ చట్టంతో నిషేధానికి శిక్షలు తోడయ్యాయి. లోపల రక్షణ దొరికాక మంద పెరిగింది, చలికాలపు వలసతో అది బయటికి రావడం మొదలైంది, దానికోసం సరిహద్దు దగ్గర తుపాకులు ఎదురు చూడసాగాయి. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో గార్డినర్ దగ్గర వేటగాళ్లు గీత పక్కన వరసగా నిలబడి, దాటిన ఎల్కును దాటినట్టే కాల్చేవారు. దానికి 'ఫైరింగ్ లైన్' అని పేరు కూడా పడింది. ఎవరి గుండు ఎవరికి తగులుతుందో తెలియని ఆ వరసలో వేటకు ఉండవలసిన మర్యాద ఏ కోశానా లేదని నా అభిప్రాయం.

ఇంతలో 1926 నాటికి పార్కులో తోడేళ్లు అంతరించాయి. నిర్మూలించినది ప్రభుత్వమే. వేటాడే మృగం లేని మంద పచ్చికను తినేసి నేలను పాడు చేస్తోందన్న భయంతో, పార్కు అధికారులే ఎల్కులను పట్టి ఇతర రాష్ట్రాలకు పంపుతూ, చాలకపోతే కాలుస్తూ వచ్చారు. ఈరోజు ఎన్నో రాష్ట్రాల్లో తిరిగే ఎల్కులకు మూలం ఎల్లోస్టోన్ నుంచి అలా వెళ్లిన జంతువులే. 1961-62 చలికాలంలో రేంజర్లు ఒక్క ఉత్తర మందలోనే నాలుగు వేలకు పైగా ఎల్కులను కాల్చారు. ఆ దృశ్యాలు దేశమంతా చూసింది. రేంజర్లు చంపుతున్నప్పుడు మాకెందుకు అవకాశం ఇవ్వరని వేటగాళ్లు, అసలు చంపడమే ఏమిటని మిగతా ప్రజలు అడిగారు. 1967లో వ్యోమింగ్ సెనేటర్ గేల్ మెక్‌గీ జరిపిన విచారణ దగ్గర ఆ వ్యవహారం ఆగిపోయింది. అప్పటికి గాలిలోంచి లెక్కిస్తే కనిపించిన ఎల్కులు నాలుగు వేల లోపే.

కాల్పులు ఆగాక మంద వేగంగా కోలుకొని, 1970ల నడుమ కల్లా పది వేలు దాటింది. పార్కు లోపల ప్రకృతికే వదిలేయాలని నిర్ణయమైంది కనుక, బయటికొచ్చే భాగాన్ని తగ్గించే పని రాష్ట్రం మీద పడింది. 1976లో మొదలైన గార్డినర్ లేట్ హంట్ పుట్టుక ఇది. పాత ఫైరింగ్ లైన్ మళ్లీ రాకుండా ఈసారి కట్టుదిట్టాలు చేశారు. లాటరీలో పర్మిట్ వచ్చినవాళ్లకే అవకాశం, అదీ ఒక్కొక్కరికి కేటాయించిన కొద్ది రోజుల విడతలో మాత్రమే. అదృష్టమంతా మంచు మీద ఆధారపడేది. బాగా మంచు పడిన విడతలో ఎల్కులు రోడ్డు పక్క గుట్టల మీదే కనబడేవి. వెచ్చని విడతలో అవి పార్కు లోపలే నిలిచిపోయేవి, వేటగాళ్లు ఖాళీ బండ్లతో తిరిగి వెళ్లేవారు. ఈ ఒక్క విషయంలో అప్పటికీ ఇప్పటికీ తేడా లేదు. లేట్ హంట్‌కు దరఖాస్తు చేసేవాడు పర్మిటుతో పాటు వాతావరణాన్ని కూడా లాటరీలో ఎత్తుతున్నట్టే.

చంపిన ప్రతి జంతువునూ వేటగాడు పరిశీలన కేంద్రానికి తేవలసి ఉండేది. ఈ పనిని కాస్త దగ్గరగా చూడాలి. జీవశాస్త్రజ్ఞుడు ఎల్క్ కింది దవడ ముందు పళ్లలో ఒకదాన్ని ఊడబెరికి, చిన్న కాగితపు కవరులో వేసి చీటీ రాస్తాడు. ప్రయోగశాలలో ఆ పంటి వేరును పొరలుగా కోసి, రంగు పట్టించి, సూక్ష్మదర్శిని కింద పెడితే చెట్టు మానులో వలయాల లాగే ఏడాదికొకటి చొప్పున సన్నని గీతలు కనిపిస్తాయి. వాటిని లెక్కపెడితే జంతువు వయసు తేలుతుంది. ఎల్కులు సెప్టెంబరులో ఎదకు వస్తాయి, మే చివర, జూన్‌లో ఈనుతాయి. కనుక జనవరిలో చంపిన ఈడు ఆడ ఎల్కులన్నీ దాదాపు చూడివే. పొట్ట కోసి పేగులు తీసేటప్పుడు, నాలుగు నెలల పిండం వేటగాడి చేతికి తగులుతుంది. దాన్ని చూసి చలించని మనిషి ఉండడని నా నమ్మకం. చలించినంత మాత్రాన ఆ వేట తప్పని తేలిపోదు. కానీ తన చేతిలోని పర్మిట్ దేనికి అనుమతో ఆ క్షణంలో ఎవరికైనా తెలిసిపోతుంది.

మంద 1994 జనవరిలో గరిష్ఠ స్థాయికి చేరింది. అప్పటి లెక్క 19,045. ఆ మరుసటి ఏడాది అల్బర్టా నుంచి తెచ్చిన 14 తోడేళ్లను, 1996లో బ్రిటిష్ కొలంబియా నుంచి తెచ్చిన 17ను పార్కులో వదిలారు. అదే కాలంలో లేట్ హంట్ కూడా జోరుగా సాగింది. 1990ల చివర ఏటా సుమారు వెయ్యి ఎల్కులు, వాటిలో అత్యధికం ఆడవి, ఆ వేటలో పోయేవి. తర్వాత మంద తగ్గుతూ తగ్గుతూ 2013లో 3,915కు పడిపోయింది. ఊళ్లో, చట్టసభలో, వేటగాళ్ల మధ్య నింద మొత్తం తోడేళ్ల మీదకు వెళ్లింది. తోడేళ్లకు ఇందులో భాగం లేదని ఎవరూ అనలేరు. గ్రిజ్లీ ఎలుగుబంట్లు పెరిగి పసికూనలను తినడం, కొండసింహాలు, వరస కరువులు కూడా తోడయ్యాయి. అయితే 1961 నుంచి 2004 దాకా ఉన్న లెక్కలతో 2005లో వెలువడిన ఒక అధ్యయనం, అప్పటి దాకా జరిగిన తగ్గుదలలో అధిక భాగాన్ని మనుషుల వేటతో, వాతావరణంతోనే వివరించవచ్చని చూపించింది. ఆ వాదన మీద శాస్త్రజ్ఞుల్లో చర్చ జరిగింది, ఇంకా జరుగుతూనే ఉంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఆ చర్చ కంటే, కవర్లలో వేసిన ఆ పళ్ల లెక్క. తోడేళ్లు చంపిన పెద్ద ఆడ ఎల్కుల సగటు వయసు సుమారు 14 ఏళ్లని, లేట్ హంట్‌లో చనిపోయినవాటి సగటు వయసు ఆరున్నర ఏళ్లకు దగ్గరని తేలింది. తోడేలు తరిమి చూసి, వెనకబడిన ముసలిదాన్నో కుంటిదాన్నో పట్టుకుంటుంది. రైఫిల్ పట్టుకున్న మనిషి మూడు వందల గజాల దూరం నుంచి ఏది బలిసి ఉంటే దాన్ని కాలుస్తాడు. 14 ఏళ్ల ఎల్క్ ఇక ఈనబోయేది ఒకటి రెండు ఈతలే. ఆరేళ్లది ఇంకా ఎన్నో ఏళ్లు ఏటా ఒక కూనను ఇవ్వగలదు. కనుక లెక్కలో ఒక్కో తలే అయినా, మంద భవిష్యత్తులోంచి తీసివేసిన మొత్తం రెండు చోట్లా ఒకటి కాదు. మంద మితిమీరి పెరిగినప్పుడు ఈ లక్షణమే లేట్ హంట్‌ను మంచి సాధనం చేస్తుంది. మంద తగ్గుతున్నప్పుడు అదే దాన్ని ప్రమాదకరం చేస్తుంది. గార్డినర్‌లో సాధనం మారకుండా పరిస్థితి మారింది. ఆ సంగతిని గుర్తించడానికి చాలా ఏళ్లు పట్టిందని నా ఆరోపణ.

గుర్తించిన తర్వాత మాత్రం రాష్ట్రం వెనకాడలేదు. 2000 ప్రాంతంలో రెండు వేలు దాటిన పర్మిట్లను దశలవారీగా కోసి, 2006 కల్లా వంద దగ్గరకు తెచ్చింది. ఆ ఏళ్లలో వంద ఆడ ఎల్కులకు కనిపించిన కూనలు చాలావరకు 20కి లోపే. అంటే చచ్చినవాటి చోటు నింపడానికి వెనక తరం రావడం లేదు. 2011 నాటికి గార్డినర్ లేట్ హంట్ పూర్తిగా ఆగిపోయింది. మూడున్నర దశాబ్దాల అలవాటు కనుక ఊళ్లోని హోటళ్లకు, గైడ్లకు, మాంసం కోసే దుకాణాలకు అది నిజమైన నష్టమే. ఆ బాధను చిన్నది చేసి మాట్లాడటం న్యాయం కాదు. మంద ఆ తర్వాత కొంత తేరుకుంది, 2018 లెక్కలో 7,579 కనిపించాయి.

మోంటానాలో మిగతా చోట్ల కథ వేరుగా నడిచింది. చాలా వేట జిల్లాల్లో (వేట కోసం విడదీసిన ప్రాంతాల్లో) ఎల్కులు రాష్ట్రం పెట్టుకున్న సంఖ్యా లక్ష్యానికి మించి పెరిగి, చలికాలంలో పశుక్షేత్రాల మీద పడి, ఆవుల కోసం దాచిన గడ్డివాములను తిని, కంచెలు తెంపుతున్నాయి. సంఖ్యను లక్ష్యం దగ్గరో దిగువనో ఉంచాలని 2003లో రాష్ట్ర చట్టమే ఆదేశించింది. దాని ఫలితంగా 2015లో 'షోల్డర్ సీజన్' అనే కొత్త ఏర్పాటు వచ్చింది. అసలు సీజన్‌కు ముందు ఆగస్టు 15 నుంచి, తర్వాత ఫిబ్రవరి 15 దాకా, ప్రధానంగా ప్రైవేటు భూముల్లో ఆడ ఎల్కుల వేటకు ఇది అనుమతిస్తుంది. పాత లేట్ హంట్‌కు ఇదే వారసుడు. ఎల్లోస్టోన్ చుట్టుపక్కల దీనికి మరో కారణం కూడా తోడైంది. ఎల్కుల్లో బ్రూసెల్లా వ్యాధి ఉంది, అది ఆవులకు అంటితే చూలు పోతుంది. 2008లో మోంటానా తన వ్యాధి రహిత హోదాను దాదాపు ఏడాది పాటు పోగొట్టుకోవడంతో, ఎల్కులు ఆవుల మందల్లో కలవడం ఆసాములకు ప్రాణం మీది సమస్యగా మారింది. ఆ ప్రాంతంలో చలికాలంలో ఆడ ఎల్కును కోసేవాళ్లు చేతి తొడుగులు లేకుండా గర్భసంచిని ముట్టుకోకూడదు. ఇక జింక జాతులను క్షీణింపజేసి చంపే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ (సీడబ్ల్యూడీ) అనే వ్యాధి 2017లో మోంటానా అడవి జింకల్లో, 2019లో ఎల్కుల్లో, 2023లో ఎల్లోస్టోన్ పార్కు లోపలి ఒక మ్యూల్ జింకలో బయటపడింది. దాంతో మాంసాన్ని పరీక్షకు పంపి, ఫలితం వచ్చాకే వండుకోవడం మంచి పద్ధతిగా స్థిరపడుతోంది.

ఇదంతా తెలిశాక, లేట్ హంట్‌కు దరఖాస్తు చేయాలా అని ఎవరైనా అడిగితే, లాటరీలో అవకాశాల శాతం కంటే ముందు ఆ జిల్లా తాజా లెక్కను, రాష్ట్రం పెట్టుకున్న లక్ష్యాన్ని పక్కపక్కన పెట్టి చూడమంటాను. లెక్క లక్ష్యానికి చాలా పైన ఉండి, వందకు కూనల నిష్పత్తి నిలకడగా ఉంటే, ఆ పర్మిట్ నిజంగా అవసరమైన పనికి ఇచ్చినదే. దాన్ని తీసుకుని మాంసాన్ని సద్వినియోగం చేసుకోవడంలో సంకోచించవలసినది ఏదీ లేదు. లెక్క లక్ష్యానికి దిగువన ఉండి, కూనలు తగ్గుతూ, అయినా పాత అలవాటు కొద్దీ ఆడ పర్మిట్లు ఇస్తుంటే, గార్డినర్‌లో 2000 తర్వాత ఏం జరిగిందో గుర్తు చేసుకుని దరఖాస్తు మానుకోవడమే సరైనదని నా మతం. రాష్ట్రం అనుమతించిందనే ఒక్క కారణం నాకు చాలదు.

మరో సంగతి, నేల ఎవరిది అన్నది. చలికాలంలో ఎల్కులు ప్రజల భూమిని వదిలి, గడ్డి ఉన్న ప్రైవేటు క్షేత్రాల్లో గుమిగూడతాయి. యజమాని రానివ్వకపోతే కంచె ఇవతల నిలబడి రెండు వందల ఎల్కులను చూస్తూ రోజంతా గడపవలసి వస్తుంది. ఫీజు కట్టి, సెలవు పెట్టి, మంచులో వందల మైళ్లు వెళ్లి అలా తిరిగి రావడం ఈ విడతలో సర్వసాధారణం. కనుక దరఖాస్తు గడువుకు ముందే, వేసవిలోనే, ఆ జిల్లాలోని ఆసామి గుమ్మం దగ్గరకు స్వయంగా వెళ్లి, తన గడ్డివాముల మీద ఎల్కులు పడుతున్నాయా, పడితే జనవరిలో లోపలికి రానిస్తాడా అని అడగాలి. ఆయన సరేనన్నాకే ఫారం నింపడం మేలు.