సంతకం నాడే మొదలయ్యే గడువు

ఇంగ్లండులో గ్రౌండ్ రెంట్ (ఇల్లు లీజు మీద కొన్నవాళ్ళు స్థలం యజమానికి ఏటా కట్టే అద్దె) గొడవ రాజుకున్నప్పుడల్లా ఇదే ప్రశ్న లేస్తుంది: పదేళ్ళకోసారి అద్దె రెట్టింపయ్యే లీజు మీద సంతకం పెట్టించిన సొలిసిటర్‌పై, అంటే కొనుగోలు పత్రాలు చూసే లాయరుపై, ఇప్పుడు దావా వేయవచ్చా? బిల్డరు చూపించిన సొలిసిటర్‌నే పెట్టుకుని ఇల్లు కొన్నవాళ్ళు ఎందరో. ఏడాదికి 295 పౌండ్ల అద్దె 50 ఏళ్ళకు 9,440 పౌండ్లవుతుంది. ఆ లెక్క చాలామందికి తట్టింది ఇల్లు అమ్మబోయినప్పుడే.

దావా వేయడానికి 1980 లిమిటేషన్ చట్టం ఇచ్చే గడువు ఆరేళ్ళు. అందులో తగాదా లేదు. ఆరేళ్ళు ఎప్పటి నుంచి అన్నదే తగాదా. దాన్ని తేల్చింది 1980ల తొలినాళ్ళ ఫార్‌స్టర్ కేసు.

కొడుకు అప్పులకు పూచీగా ఒక తల్లి తన ఆస్తిని తనఖా పెడుతూ 1973 ఫిబ్రవరిలో సొలిసిటర్ ఆఫీసులో సంతకం చేసింది. కొడుకు దివాలా తీశాడు. డబ్బు కట్టమని 1975 జనవరిలో తాఖీదు వచ్చింది, ఆమె కట్టింది. ఆ సంతకంతో ఏం నెత్తికెత్తుకుంటున్నదో తనకు సరిగా చెప్పలేదంటూ 1980 మార్చిలో దావా వేసింది. తాఖీదు నుంచి లెక్కిస్తే గడువుకు ఇంకా పది నెలలుంది. అప్పీలు కోర్టు సంతకం నుంచి లెక్కించింది: తనఖా పడ్డ క్షణానే ఆస్తి విలువ తగ్గింది, నష్టం అప్పుడే జరిగింది అన్నది. దావాకు కాలదోషం పట్టింది. ఒక్క పైసా చేయి దాటకముందే ఆమె గడువు కరిగిపోవడం మొదలైందన్నమాట.

గడువు త్వరగా ముగియాలనడానికి సొలిసిటర్ల వాదన తెలిసిందే: పాత ఫైళ్ళు ఉండవు, సాక్షులకు గుర్తుండదు.

2006లో మరో కేసు వచ్చింది. ఒక సొలిసిటర్ క్లయింట్ల సొమ్ము కాజేస్తే, అతని ఖాతాలను సరిగా చూడలేదని సెఫ్టన్ అనే అకౌంటెంట్ల సంస్థపై సొలిసిటర్ల సంఘమైన లా సొసైటీ దావా వేసింది. మోసపోయిన క్లయింట్లకు చెల్లించే తమ పరిహార నిధికి నష్టం కలిగింది క్లెయిములు వచ్చినప్పుడే, అంతకుముందు కాదు అని వాదించింది. అప్పట్లో అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒప్పుకుంది. తల్లి కేసు వేరు, అక్కడ ఆస్తికే తాకట్టు పడింది అని తేడా చూపారు. తేడా ఉన్నమాట నిజమే. అయినా ఆనాడు సొలిసిటర్‌ను కాపాడిన తీర్పు పరిధి లోకి రాకుండా ఈసారి గట్టెక్కింది సొలిసిటర్ల సంఘమే.

మధ్యలో 1986 చట్టం కాస్త ఊరటనిచ్చింది. సంగతి తెలిసిన నాటి నుంచి మూడేళ్ళు. తప్పు జరిగిన నాటి నుంచి 15 ఏళ్ళు మించకూడదు. తెలియాల్సింది జరిగిన సంగతులే. అది చట్టరీత్యా నిర్లక్ష్యమని తెలియకపోయినా గడువు ఆగదు. తప్పును దాచారంటే వేరు లెక్క కానీ, చేస్తున్నది తప్పని సొలిసిటర్‌కు తెలిసి ఉండాలని 2002లో కేవ్ కేసు తీర్పు చెప్పింది. తెలియని సొలిసిటరే అదృష్టవంతుడు.

2010లో లీజు తీసుకున్నవాళ్ళకు ఆ 15 ఏళ్ళూ 2025లో నిండాయి. తర్వాత కొన్నవాళ్ళకు ఎదురయ్యే ప్రశ్న ఇంకా చిన్నది: రెట్టింపు షరతు లీజులోనే ఉంది కదా, చదివితే తెలిసేది కాదా?