బాడుగ ఇంటి అలంకరణ: నెల్లూరులో నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

నన్ను పిలిచేవాళ్లలో సొంతిల్లు ఉన్నవాళ్లు తక్కువ. హరనాథపురంలో, వేదాయపాలెంలో, మాగుంట లేఅవుట్‌లో డబుల్ బెడ్‌రూం బాడుగకు తీసుకున్న బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, కొత్తగా కాపురం పెట్టిన జంటలు, ఒంగోలు నుంచి బదిలీ మీద వచ్చినవాళ్లే ఎక్కువ. అలంకరణకు వాళ్లు తీసి పెట్టుకునేది ఐదు వేలో, పది వేలో, మహా అయితే ఇరవై. ఆ డబ్బుతో ఇల్లు చూడముచ్చటగా తయారవుతుంది. అందులో నాకు ఏ అనుమానమూ లేదు. కాకపోతే నేను వెళ్లేసరికే అందులో సగం పెట్టకూడని చోట పెట్టేసి ఉంటారు. ఎవరో చెప్పిన మాట నమ్మి అలా చేస్తారు. ఆ మాటలేమిటో ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ: బాడుగ ఇంటికి ఖర్చు పెడితే ఓనరుకు పెట్టినట్టే.

ఫాల్స్ సీలింగుకో, నేల మీద అతికించే వినైల్ షీటుకో పెడితే ఆ మాట నిజమే. వాటిని విప్పుకుని పోలేం, పోయినా ఇంకో ఇంటికి కొలత కుదరదు. గుడ్డలు, దీపాలు, చెక్క సామాను, కుండీలు మాత్రం మనతోనే వస్తాయి. అందుకే ఏ వస్తువు కొనబోయినా ఇల్లు మారేరోజున అది టాటా ఏస్ బండి ఎక్కుతుందా లేదా అని ముందే ఆలోచించమంటాను. ఎక్కేదైతే కాస్త మంచిదే కొనండి. ఎక్కనిదైతే రూపాయి కూడా పెట్టొద్దు.

ఇక్కడ చట్టం కూడా బాడుగకు ఉన్నవాళ్లను గాలికి వదిలేయలేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే షరతు లేకుంటే, మనం బిగించుకున్నవాటిని ఇంట్లో ఉన్నంతకాలం ఎప్పుడైనా విప్పుకోవచ్చు. ఇల్లు మనకు ఎలా ఇచ్చారో అలా ఉంచి వెళ్లాలి, అంతే. మామూలు వాడకంలో వచ్చే అరుగుదల మన బాధ్యత కాదని కూడా అందులోనే ఉంది. ఓనరు అనుమతి లేకుండా శాశ్వత కట్టడం మాత్రం చేయకూడదు.

గోడ రంగు సంగతి ఇక్కడే చెప్పాలి. పాతవాళ్లు ఖాళీ చేశాక చాలామంది ఓనర్లు ఎలాగూ ఒకసారి రంగు వేయిస్తారు. అడ్వాన్సు ఇచ్చే రోజునే, "అన్నా, హాల్లో ఒక్క గోడకు మేం చెప్పిన రంగు వేయించండి" అని అడగండి. లేత రంగే అయితే ఓనరుకు ఖర్చులో పెద్ద తేడా పడదు కాబట్టి చాలామంది ఒప్పుకుంటారు. సామాను దిగాక అడిగితే ఒప్పుకోరు. ఒకవేళ మీరే వేయించుకోవాల్సి వచ్చినా, పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తు గోడకు రెండు కోట్లకు సుమారు లీటరు ఎమల్షన్ పెయింటు సరిపోతుంది.

అపోహ: మేకు కొడితే ఓనరు ఊరుకోడు. స్టిక్కర్ హుక్కులైతే గోడకు ఏమీ కాదు.

చాలా గోడల విషయంలో జరిగేది దీనికి తలకిందులు. ముందు గోడను అరచేత్తో గట్టిగా రుద్ది చూడండి. చేతికి తెల్లటి పొడి అంటితే అది సున్నమో, చవక డిస్టెంపరో. హుక్కు ఆ పొడికి అంటుకుంటుంది గానీ గోడకు అంటుకోదు. కాస్త బరువు తగిలిస్తే ఫ్రేముతో సహా కింద పడుతుంది. పొడి అంటకుండా నున్నగా తగిలితే లప్పం (వాల్ పుట్టీ) పెట్టి ఎమల్షన్ వేసిన గోడ అన్నమాట. దానిమీద హుక్కు నిలబడుతుంది. పీకేటప్పుడే ఇబ్బంది. పెయింటూ, దాని వెనక లప్పం పొరా కలిసి అరచేయంత పెళ్ల ఊడొస్తుంది. ఓనరుకు కోపం వచ్చేది దానికే. స్టీలు మేకు చేసే రంధ్రం పెన్సిలు మొన పట్టేంత ఉంటుంది. పోయేముందు చిటికెడు లప్పం వేలితో నొక్కి, ఆరాక సన్న ఎమరీ కాగితంతో రుద్దితే వెతికినా కనపడదు.

స్టిక్కర్ హుక్కులను వంటింటి టైల్స్ మీద, గ్రానైటు మీద, అద్దం మీద, సన్‌మైకా తలుపు మీద వాడండి. అక్కడ వాటికి తిరుగులేదు. తీసేటప్పుడు హెయిర్ డ్రయ్యరుతో కాసేపు వేడి తగిలించి మెల్లగా లాగితే జిగురు మెత్తబడి వచ్చేస్తుంది.

ఫొటోలు పది ఉన్నాయని పది మేకులు అక్కర్లేదు. నాలుగడుగుల చెక్క పట్టీని రెండు స్క్రూలతో ఇటుక గోడకు బిగించి, దాని నుంచి సన్న తాళ్లతో ఫ్రేములన్నీ వేలాడదీయండి. ఫ్రేములు మార్చినా, జరిపినా గోడ జోలికి పోనక్కర్లేదు. డ్రిల్లు వాడితే 6 మిల్లీమీటర్ల గట్టాలు (స్క్రూ పట్టేందుకు రంధ్రంలో దించే ప్లగ్గులు) చాలు. స్విచ్చి బోర్డుకు నేరుగా పైనా, కిందా మాత్రం ఎప్పుడూ కొట్టొద్దు. వైర్ల పైపు ఆ దారిలోనే పోతుంది.

అపోహ: తెల్ల లైటు వేస్తే చిన్న గది పెద్దగా కనిపిస్తుంది.

నా మాట ఒక్కటే వింటామంటే దీన్ని వినండి. తక్కువ డబ్బులో ఇంటి రూపు మార్చేది లైటే, గోడ రంగు కాదు, సోఫా కాదు.

మన ఇళ్లలో హాలుకు ఒక ట్యూబులైటు ఉంటుంది, గోడ పైభాగాన, డబ్బా మీద 6500 కెల్విన్ అని రాసి ఉన్నది. కెల్విన్ అంటే వెలుగు రంగు చెప్పే అంకె; తగ్గేకొద్దీ పసుపు, పెరిగేకొద్దీ తెలుపు. ఆ ఒక్కటే గదినంతా ఒకే తీరుగా వెలిగిస్తుంది. మూలలకు లోతుండదు, చెక్క రంగు పాలిపోతుంది, మనుషుల ముఖాలు అలసిపోయినట్టు కనిపిస్తాయి. గది విశాలంగా అనిపించాలంటే వెలుగు రెండు మూడు చోట్ల నుంచి, వేర్వేరు ఎత్తుల్లో రావాలి. ట్యూబులైటును పీకొద్దు, ఊడ్చుకోవడానికి, వెతుక్కోవడానికి ఉంచుకోండి. సాయంత్రం దాన్ని ఆపేసి, 2700 లేదా 3000 కెల్విన్ అని రాసి ఉన్న వార్మ్ వైట్ బల్బులు రెండు వేసి చూడండి. 9 వాట్ల ఎల్‌ఈడీ దాదాపు పాత 60 వాట్ల బల్బంత వెలుగిస్తుంది. మూలన పెట్టే దీపానికి 5 వాట్లు చాలు.

దీనికి గోడ పగలగొట్టి వైరింగు చేయక్కర్లేదు. ఎలక్ట్రికల్ షాపులో ఒక హోల్డరు, నాలుగు మీటర్ల మంచి వైరు, మధ్యలో చేతి స్విచ్చి, చివర ప్లగ్గు అడిగితే అక్కడే కలిపి ఇస్తారు. హోల్డరును తాటాకు బుట్టలోనో, పేము బుట్టలోనో బోర్లించి మూలన వేలాడదీయండి. బుట్ట అల్లిక సందుల్లోంచి వచ్చే వెలుగు గోడ మీద గళ్లుగళ్లుగా పడుతుంది. మామూలు సిమెంటు గోడకు అంతకు మించిన డిజైను నేనెక్కడా చూడలేదు. బుట్టలో ఎల్‌ఈడీ మాత్రమే పెట్టాలి, అదీ తాటాకుకు తగలకుండా. పాత ఫిలమెంటు బల్బు వేడికి తాటాకుకు నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

వంటింట్లో, పిల్లలు చదువుకునే బల్ల దగ్గర 4000 కెల్విన్ వాడండి. అక్కడ పసుపు వెలుగు పనికిరాదు.

అపోహ: కర్టెన్లు కిటికీ కొలతకు సరిగ్గా ఉండాలి.

రెడీమేడ్ కర్టెన్లు కిటికీకి ఐదడుగులు, తలుపుకు ఏడడుగుల పొడవున దొరుకుతాయి. కిటికీకి ఐదడుగులదే కొని, చట్రం మీదే రాడ్డు బిగిస్తారు. కిటికీ చిన్నదైపోతుంది, గది పొట్టిదైపోతుంది. రాడ్డును చట్రానికి అరడుగు పైన, రెండు పక్కలా ఇంకో అరడుగు బయటికి బిగించి, ఏడడుగుల కర్టెను వేయండి. పైకప్పు ఎత్తు పెరిగినట్టే ఉంటుంది. గుడ్డ వెడల్పు రాడ్డుకు రెట్టింపు ఉండాలి, అప్పుడే కుచ్చిళ్లు పడతాయి.

కొనడానికి డబ్బు లేకపోతే బీరువా తెరవండి. అమ్మదో అత్తదో పాత వెంకటగిరి నూలు చీర మన ప్రాంతంలో చాలా ఇళ్లలో ఉంటుంది. జాకెట్టు ముక్క పోగా చీర ఐదున్నర మీటర్లు, అంటే పద్దెనిమిది అడుగులు. దాన్ని అడ్డంగా మూడు ముక్కలు చేస్తే, పైనా కిందా మడత కుట్టుకు పోను, ఒక్కోటి ఐదడుగుల పైనే వస్తుంది. చీర పన్నా దాదాపు నాలుగడుగులు కాబట్టి మూడూ కలిపి పన్నెండడుగుల వెడల్పు. అంటే ఆరడుగుల రాడ్డుకు నిండుగా కుచ్చిళ్లు. అంచులు రెండు పక్కలా నిలువుగా దిగుతాయి, పమిట ఉన్న ముక్కను మధ్యలో వేయండి. ఈ పొడవులో అది నేలదాకా రాదు గానీ, పల్చటి నేతలోంచి వచ్చే పొద్దుటి ఎండ చూస్తే ఆ లోటు గుర్తుకు రాదు. పడమటి కిటికీకి మాత్రం చీర కట్టొద్దు. మన ఏప్రిల్, మే ఎండలకు రంగు వెలిసిపోతుంది, నేత కూడా పీలికలవుతుంది. అక్కడ వెదురు తడికె గానీ, లైనింగు వేసిన మందపు గుడ్డ గానీ ఉండాలి.

బాడుగ ఇళ్లలో తలుపుల్లేని కడప బండల అరలు ఇంకో తలనొప్పి. స్టీలు డబ్బాలు, పుస్తకాలు, మందుల సంచులు, అన్నీ బయటికే. వాటికి ప్లైవుడ్ తలుపులు చేయిస్తే అవి ఓనరుకే మిగులుతాయి. రెండు పక్క గోడల మధ్య బిగుసుకునే స్ప్రింగు రాడ్డు ఒకటి పెట్టి, ముతక చేనేత గుడ్డ కుచ్చిళ్లు పోసి వేలాడదీస్తే సరి. ఒక్క రంధ్రం పడదు. ఆ గుడ్డకు ఒకే రంగు ఎంచుకోండి. పూల డిజైను వేస్తే అరలు దాగకపోగా ఇంకా ఎక్కువగా కనిపిస్తాయి.

అపోహ: చెమ్మ మరకలకు వాల్‌పేపరు అంటిస్తే సరిపోతుంది.

నెల్లూరులో ఏడాది వానలో పెద్ద భాగం అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలోనే పడుతుంది. తుఫాను వచ్చి వారం ముసురు పడితే వానదెబ్బ తగిలే గోడలు నీళ్లు తాగుతాయి. వాటి మీద వాల్‌పేపరు వేస్తే నీరు ఆవిరయ్యే దారి మూసుకుపోతుంది. వెనక బూజు పడుతుంది, సంక్రాంతికల్లా అంచులు లేస్తాయి. అనుమానం ఉన్నచోట జానెడు పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో మూసి రెండు రోజులు ఉంచండి. దాని వెనక గోడ వైపున నీటి చుక్కలు పడితే చెమ్మ గోడలోంచే వస్తోంది. అది ఓనరు చేయించాల్సిన మరమ్మతు. అప్పటిదాకా ఆ గోడకు బీరువా, మంచం ఆనించకుండా మూడు అంగుళాలు ఎడం ఉంచండి.

అపోహ: మొక్కలు పెడితే ఇంట్లో గాలి శుభ్రమవుతుంది.

అందం కోసం పెట్టండి, తప్పకుండా పెట్టండి. గాలి కోసమైతే కిటికీ తెరవండి. ఈ మాటకు మూలమైన 1989 నాటి నాసా పరిశోధన గాలి చొరబడని చిన్న గదుల్లో జరిగింది. 2019లో పాత పరిశోధనలు కలిపి లెక్క తీస్తే, ఇంట్లోకి మామూలుగా వచ్చిపోయే బయటి గాలితో సమానం కావాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని తేలింది. వెలుగు తక్కువున్న హాల్లో మనీప్లాంటు, స్నేక్‌ప్లాంటు బతుకుతాయి. మిగతావి బాల్కనీలో పెట్టుకోండి.

అపోహ: ఫర్నిచరు సెట్టుగా కొంటేనే కలిసొస్తుంది, స్టైలు సామాను ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది.

చవకగా వచ్చే సెట్లలో చాలా మటుకు పార్టికల్ బోర్డు, అంటే చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలక. తడిగుడ్డతో నేల తుడిచేటప్పుడు తగిలే నీళ్లకే అడుగున ఉబ్బుతుంది. ఒకసారి విప్పి బిగిస్తే స్క్రూలు పట్టు వదిలేస్తాయి. రెండిళ్లు మారితే దాని పని అయిపోతుంది. అదే డబ్బుతో పాత కలప అడితిలో వేప చెక్కో టేకు చెక్కో తీసుకుని, బోల్టులతో విప్పుకునేలా వడ్రంగితో ఒక్క బెంచీ చేయించుకోండి. చేయించే ముందు మెట్ల మలుపు కొలవండి. లిఫ్టు లేని మూడో అంతస్తుకు డబుల్ కాట్ ఎక్కించలేక వెనక్కి పంపినవాళ్లు ఉన్నారు.

మన చుట్టుపక్కల దొరికేవి చూస్తే ఆన్‌లైన్ అవసరం ఎంత తక్కువో తెలుస్తుంది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు ప్రపంచమంతా పోతుంది. నల్లటి రాయిలో మెరిసే ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. వంటింటి బండలు కోసేచోట మిగిలే ముక్కలు చాలా తక్కువకు ఇస్తారు. రెండడుగుల చదరపు ముక్క అంచులు గుండ్రంగా తీయించి, ఇనుప స్టాండు మీద పెడితే టీపాయ్ తయారు. అది ఇరవై కిలోల పైమాటే కాబట్టి స్టాండు గట్టిగా వెల్డింగు చేయించండి. కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఉంటే రెడ్ ఆక్సైడ్ (తుప్పు పట్టకుండా వేసే ఎర్ర పూత) కొట్టి ఆ పైన పెయింటు వేయించండి, ఉప్పుగాలికి ఇనుము ఆగదు. మార్కాపురం పలకరాయి ముక్క వంటింట్లో సరుకుల చిట్టా రాసుకునే బోర్డు అవుతుంది. ఉదయగిరి చెక్క గరిటెలను డ్రాయరులో దాచకుండా మట్టి కూజాలో నిలబెట్టి గట్టు మీద పెట్టండి. చేత్తో చెక్కిన పనితనం, నలుగురూ చూడాల్సింది.

అపోహ: అడ్వాన్సులో ఎలాగూ కోస్తారు, పోయేముందు సరిచేయడం దండగ.

కోత తగ్గేది సరిచేస్తేనే. ఇంట్లో దిగిన రోజునే, సామాను సర్దకముందు, గోడలు, టైల్స్ పగుళ్లు, పాత మేకు రంధ్రాలు ఫొటోలు తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపండి. తర్వాత ఏది మీది, ఏది పాతదన్న గొడవ రాదు. ఖాళీ చేసేటప్పుడు మీ రంధ్రాలు మీరు పూడ్చి, ఆ గోడకు వాడిన రంగు మిగులు డబ్బాలో ఉంటే సన్న బ్రష్షుతో అద్దండి. లప్పం ఆరడానికి ఒక పూట పడుతుంది కాబట్టి, సామాను ఎత్తే రోజుకు వాయిదా వేయకుండా ముందురోజే ఈ పని పెట్టుకోండి.