ఉప్పు నిస్సారమవుతుందా? అపోహలు, వాస్తవాలు

బైబిల్ స్టడీలో మత్తయి 5:13 వచ్చిందంటే చర్చ తొందరగా తెమలదు. "మీరు లోకమునకు ఉప్పయి యున్నారు" అని యేసు శిష్యులతో అన్నది అందరికీ కంఠతా వచ్చు. ఉప్పు నిస్సారమైతే, అంటే రుచి పోతే, దాన్ని బయట పారేసి తొక్కడానికి తప్ప ఇక దేనికీ పనికిరాదని కూడా అదే వచనంలో ఉంది. దాని చుట్టూ పేరుకున్న మాటల్లో చాలావరకు వాక్యంలో లేనివే.

అపోహ: ఉప్పు రుచి పోదు, కాబట్టి యేసు చెప్పింది సైన్స్‌కు విరుద్ధం.

వాస్తవం: సోడియం క్లోరైడ్ ఎన్నేళ్లున్నా ఉప్పగానే ఉంటుంది, నిజమే. కానీ ఆ కాలంలో మృత సముద్ర తీరంలో దొరికిన ఉప్పు శుద్ధి చేసింది కాదు. అందులో జిప్సం, మట్టి, ఇతర లవణాలు కలిసి ఉండేవి. జిప్సం కంటే ఉప్పు నీటిలో చాలా తేలిగ్గా కరుగుతుంది. తడికి అది కారిపోతే, చూడ్డానికి తెల్లగానే ఉన్నా చప్పటి పొడి మిగులుతుంది.

ఇంకో వివరణ కూడా ఉంది. ఉప్పు చెడిపోతే దాన్ని దేనితో బాగుచేస్తారని అడిగినవాళ్లకు యూదు బోధకుడు రబ్బీ యెహోషువ "కంచరగాడిద మాయతో" (అంటే ఈనినప్పుడు పడే మాయతో) అని బదులిచ్చాడని యూదుల బోధల గ్రంథం తల్మూదులో ఒక కథ. కంచరగాడిద ఈనదు, ఉప్పు చెడదు అని వ్యంగ్యం. ఆ లెక్కన యేసు కావాలనే అసాధ్యమైన మాట అన్నాడంటారు. నాకు మొదటిదే సబబుగా తోస్తుంది. బయట పారేసి తొక్కాలంటే అలాంటి పొడి నిజంగా ఉండాలి కదా.

అపోహ: రోమా సైనికులకు జీతం ఉప్పుగానే ఇచ్చేవారు, అందుకే యేసు ఉప్పు విలువ చెప్పాడు.

వాస్తవం: వాళ్ల జీతం నాణేల్లో ఉండేది. ఈ వచనానికి దానితో సంబంధం లేదు.

అపోహ: ప్రార్థించిన ఉప్పులో శక్తి ఉంటుంది.

వాస్తవం: ఎలీషా ప్రవక్త యెరికో నీటి ఊటలో ఉప్పు వేసిన సంగతి 2 రాజులు 2లో ఉంది. అక్కడ కూడా నీటిని బాగుచేసింది తానేనని యెహోవా అంటాడు. పాత రోమన్ కతోలిక బాప్తిస్మ ఆచారంలో నాలుక మీద చిటికెడు ఉప్పు పెట్టేవారు. అదీ జ్ఞానానికి గుర్తుగానే.

అపోహ: ఉప్పు కుళ్లును ఆపుతుంది కాబట్టి ఈ వాక్యానికి అదొక్కటే అర్థం.

వాస్తవం: నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇదే. ఉప్పు ఉపయోగాల లిస్టు రాసుకుని, ఒక్కోదానికి ఒక్కో ఆత్మీయ అర్థం అంటించే ప్రసంగాలు చాలా విన్నాను. బైబిల్లోనే ఉప్పు అన్నిచోట్లా ఒకలా లేదు. లేవీయకాండము 2:13లో నిబంధనకు గుర్తు. కొలస్సయులకు 4:6లో సంభాషణకు రుచి. న్యాయాధిపతులు 9:45లో అబీమెలెకు షెకెము పట్టణాన్ని పడగొట్టి ఉప్పు చల్లాడు, అక్కడది నాశనం. ఏ అర్థమో తేల్చేది పక్క వచనాలే.

మత్తయిలో దీనికి ముందున్నవి హింస గురించిన ధన్యతలు, అంటే హింసలు పడేవారు ధన్యులన్న మాటలు. అంటే నిందలు పడుతూ కూడా నిలబడే శిష్యులే ఆ ఉప్పు. మార్కు 9లో తమలో ఎవడు గొప్పవాడని శిష్యులు దారిలో వాదించుకున్నారు. ఆ సంభాషణ "మీలో మీరు ఉప్పుగలవారై యుండి యొకరితో ఒకరు సమాధానముగా ఉండుడి" అన్న మాటతో ముగుస్తుంది. అక్కడ కుళ్లు ఊసే లేదు. లూకా 14లో తనకున్నదంతా విడిచిపెట్టనివాడు నా శిష్యుడు కానేరడు అన్న వెంటనే ఉప్పు వస్తుంది.

అపోహ: ఒకసారి నిస్సారమైన విశ్వాసికి ఇక తిరిగి రావడం లేదు.

వాస్తవం: ఎక్కువమందికి టెన్షన్ పెట్టేది ఇదే. హెచ్చరిక గట్టిదే, దాన్ని పలచన చేయకూడదు. కానీ ఉప్పు తనంతట తాను మళ్లీ ఉప్పన కాలేదన్నంత వరకే ఆ పోలిక, దేవుడు క్షమించడని అందులో లేదు. ఆ మాట విన్న శిష్యుల్లో పేతురు ఉన్నాడు. యేసును ఎరుగనని ముమ్మారు బొంకాడు, అయినా యోహాను 21లో గొఱ్ఱెలను మేపే పని మళ్లీ అతనికే దక్కింది. లూకాలో ఉప్పు మాట 14వ అధ్యాయం చివర ఉంది. అధ్యాయాల విభజన చాలా తర్వాతది కాబట్టి ఆగకుండా చదవండి: తర్వాతి వచనంలోనే సుంకరులు (పన్ను వసూలు చేసేవాళ్లు), పాపులు యేసు మాట వినడానికి దగ్గరకు వస్తారు. ఆ వెంటనే తప్పిపోయిన గొఱ్ఱె ఉపమానం, ఆపైన తప్పిపోయిన కుమారుడిది.