ఒడియా వచ్చిన తెలుగువారికి ఇంగ్లీషు టెన్సులు: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగిళ్లలో పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో, బజారులో ఒడియా మాట్లాడతారు. ఇంగ్లీషు పాఠం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ ఒడియాను పక్కన పెట్టించి, తెలుగు నుంచే అనువాదం చేయిస్తాం. చేతిలో ఉన్న పనిముట్టును మూల పడేయడమే ఇది. ‘కుక్’ (వండు) అనే రెగ్యులర్ క్రియనే, అంటే గతానికి ‘ఈడీ’ చేరే క్రియనే, మొదటి నుంచీ ఉదాహరణగా తీసుకుందాం.

అపోహ: ప్రతి క్రియకూ బడి చార్టులో వీ1 నుంచి వీ5 దాకా గళ్లలో ఉండే ఐదు రూపాలు బట్టీ పట్టాలి.

రెగ్యులర్ క్రియకు ఉన్నవి నాలుగే: కుక్, కుక్స్, కుక్ట్, కుకింగ్. వీ2, వీ3 గళ్లలో ఉండేది ఒకే మాట, ‘కుక్ట్’. ఆ రెండు గళ్లూ ‘రోట్, రిటెన్’ లాంటి ఇర్రెగ్యులర్ క్రియల కోసం గీసినవి. చార్టులోని పన్నెండు టెన్సులూ ఈ నాలుగు రూపాలను ఒంటరిగానో, సహాయక క్రియలు చేర్చో వాడితే వచ్చేవే. విల్, డూ, డజ్, డిడ్ తరువాత మూలరూపం. యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బీ, బీన్ తరువాత ‘ఇంగ్’ రూపం. హావ్, హాజ్, హాడ్ తరువాత ‘ఈడీ’ రూపం. చేసే పని గురించి చెప్పేటప్పుడు ఈ మూడు జతలు తప్పకపోతే చాలు.

‘డిడ్ నాట్ కుక్ట్’ తప్పు, ఎందుకంటే జరిగిపోయిన కాలాన్ని ‘డిడ్’ అప్పటికే మోస్తోంది. ‘డజ్ నాట్ కుక్స్’ కూడా అంతే. ‘ఐ యామ్ కంప్లీటెడ్ ద వర్క్’ అని చాలామంది రాస్తారు. అక్కడ ‘యామ్’ తీసి ‘హావ్’ పెట్టాలి.

అపోహ: తెలుగు వాక్యాన్ని మాటకు మాట మారిస్తే టెన్స్ దానంతటదే కుదురుతుంది.

ఎక్కువ తప్పులు పుట్టేది ఇక్కడే. తెలుగులో ఒక్కో రూపం రెండేసి పనులు చేస్తుంది. ‘రోజూ వండుతాను’, ‘రేపు వండుతాను’ అన్నప్పుడు క్రియ మారలేదు. ‘ఇప్పుడు వండుతున్నాను’ అంటాం, ‘పదేళ్లుగా వండుతున్నాను’ అనీ అంటాం. ‘నిన్న వండాను’ అన్నా, ‘అన్నం వండాను, వచ్చి తినండి’ అన్నా అదే ‘వండాను’. ఇంగ్లీషు వీటన్నిటినీ విడదీస్తుంది. వీటిలో చాలావాటిని ఒడియా కూడా విడదీస్తుంది.

అలవాటుకు ‘ముఁ రాంధే’, ఇంగ్లీషులో ‘ఐ కుక్’. ఇప్పుడు జరుగుతున్నదానికి ‘రాంధుఛి’, అంటే ‘ఐ యామ్ కుకింగ్’. రేపటికి ‘రాంధిబి’, అంటే ‘ఐ విల్ కుక్’. నిన్నటికి ‘రాంధిలి’, అంటే ‘ఐ కుక్ట్’. వంట అయిపోయి అన్నం సిద్ధంగా ఉంటే ‘రాంధిఛి’, అంటే ‘ఐ హావ్ కుక్ట్’. కాబట్టి తెలుగు వాక్యం దగ్గర సందేహం వస్తే, అదే మాట పక్కింటి ఒడియా స్నేహితుడితో ఎలా అంటామో ముందు నోటితో అనుకోవాలి. క్రియ చివర ‘ఏ’ వచ్చిందా, ‘ఉఛి’ వచ్చిందా చూసుకుంటే ‘ఐ యామ్ కుకింగ్ ఎవ్రీ డే’ అనే తప్పు చాలావరకు ఆగిపోతుంది. అమ్మ ఊరెళ్లింది కాబట్టి ఈ వారం మాత్రమే నేను వండుతున్నాను అనే అర్థంలో అయితే ‘యామ్ కుకింగ్’ సరైనదే.

‘పదేళ్లుగా’ లాంటి వాక్యానికి ఇంగ్లీషులో ‘హావ్ బీన్ కుకింగ్’ కావాలి. దీన్ని మాత్రం విడిగా నేర్చుకోవాల్సిందే.

అపోహ: అయితే ఒడియాను కళ్లు మూసుకుని అనుసరించవచ్చు.

కూడదు. ‘రాంధిథిలి’ దగ్గర కాలు జారుతుంది. నిన్నటి సంగతిని ఒడియాలో ‘కాలి రాంధిథిలి’ అని మామూలుగా అంటారు. దాన్ని తెచ్చి ‘ఎస్టర్‌డే ఐ హాడ్ కుక్ట్’ అని రాసేస్తారు. ఇంగ్లీషులో ‘హాడ్’ కావాలంటే గతంలోనే రెండు సంగతులుండాలి. వాటిలో ముందు జరిగినదానికే ‘హాడ్’. చుట్టాలు వచ్చేసరికే వంటయిపోయింది అన్నప్పుడు ‘హాడ్ కుక్ట్’ సరి. ఒక్క సంగతే అయితే ‘కుక్ట్’ చాలు. ‘నిన్న’, ‘పోయిన వారం’, ‘2019లో’ లాంటి గడిచిపోయిన సమయం చెప్పి ‘హావ్ కుక్ట్’ అనడం కూడా కుదరదు.

అతడు, ఆమె, అది కర్తలైనప్పుడు ‘కుక్స్’ అని ‘ఎస్’ చేర్చే చోట తెలుగే మేలు. ‘ముఁ రాంధే’, ‘సే రాంధే’ అని ఒడియాలో క్రియ మారదు. వండుతాను, వండుతాడు అని తెలుగులో మారుతుంది.

అపోహ: ‘ఈడీ’ అని ఉంటే ‘ఎడ్’ అని పలకాలి.

కుకెడ్, వాకెడ్, హెల్పెడ్ అని బడుల్లో వినిపిస్తూనే ఉంటుంది. అసలు పలుకులు మూడు. మూలరూపం ట్, డ్ ధ్వనితో ముగిస్తేనే అదనపు అచ్చు వస్తుంది: వాంటిడ్, నీడిడ్. ప్, క్, ఫ్, స్, ష్, చ్ ధ్వనుల తరువాత ‘ట్’: హెల్ప్ట్, కుక్ట్, వాష్ట్, వాచ్ట్. మిగతావాటిలో దాదాపు అన్నిటి తరువాత ‘డ్’: ప్లేడ్, ఓపెన్డ్, కాల్డ్. చూడాల్సింది చివరి ధ్వనిని, అక్షరాన్ని కాదు. ‘లాఫ్’ స్పెల్లింగు చివర జీ, హెచ్ ఉన్నా వినపడేది ‘ఫ్’ కాబట్టి ‘లాఫ్ట్’. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి సవర భాషను నోటి పలుకు విని రాసుకున్నారు. అదే పద్ధతి ఇక్కడా పనికొస్తుంది: ముందు పలికించి, తరువాత రాయించాలి.

అపోహ: ‘ఈడీ’, ‘ఇంగ్’ చేర్చేటప్పుడు స్పెల్లింగులో చివరి అక్షరం రెట్టించడానికి లెక్కాపత్రం లేదు.

లెక్క ఉంది. చివర ఒకే హల్లు, దాని ముందు ఒకే అచ్చు అక్షరం ఉండాలి. ‘స్టాప్’, ‘ప్లాన్’ అలాంటివి కాబట్టి రెండు పీలు, రెండు ఎన్‌లు. ‘కుక్’లో రెండు ఓలు, ‘హెల్ప్’లో చివర రెండు హల్లులు కాబట్టి రెట్టించరు. మాటలో ఒకటికి మించి అక్షరోచ్చారణలుంటే నొక్కి పలికేది చివరి భాగమై ఉండాలి. ‘అడ్మిట్’కు రెండు టీలు, ‘విజిట్’కు ఒకటే. ‘ట్రావెల్’ ఈ లెక్కకు లొంగదు: నొక్కు మొదటే ఉన్నా బ్రిటిష్ పద్ధతిలో రెండు ఎల్‌లు రాస్తారు, అమెరికన్ పద్ధతిలో ఒకటే. డబ్ల్యూ, ఎక్స్, వైలను ఎప్పుడూ రెట్టించరు. చివర ‘ఈ’ ఉంటే ‘డీ’ ఒక్కటే చేరుతుంది. హల్లు తరువాత ‘వై’ ఉంటే అది ‘ఐ’ అవుతుంది (క్యారీ, క్యారీడ్). అచ్చు తరువాత ఉంటే ‘ప్లే’లో లాగా అలాగే నిలుస్తుంది. ‘ఇంగ్’ ముందు మాత్రం ‘వై’ ఎక్కడా మారదు.