వీలునామాలో రాస్తే ఓకే, బతికుండగా పంపితే నేరం: అమెరికాలో పిస్టల్ పార్సిల్ వెనక కథ

టెక్సాస్‌లో గ్రీన్‌కార్డ్ వచ్చి సెటిలైన మా ఫ్రెండ్ ఒకడు మొన్న ఫోన్ చేసి, జార్జియాలో ఉన్న తమ్ముడికి నా పాత పిస్టల్ ఇచ్చేద్దామనుకుంటున్నా, డబ్బాలో పెట్టి పార్సిల్ చేసేస్తే పోలా అన్నాడు. సొంత తమ్ముడే కదరా, అమ్మట్లేదు కూడా, ఊరికే ఇస్తున్నా అంటాడు. వినడానికి బానే ఉంది గానీ అమెరికా ఫెడరల్ చట్టం, అంటే దేశం మొత్తానికి వర్తించే చట్టం దగ్గర అన్న లేడు, తమ్ముడు లేడు, ఉన్నది రెండు రాష్ట్రాలు, అంతే. ఇలా ఎందుకైందో చెప్పాలంటే వందేళ్ళ వెనక నుంచి మొదలెట్టాలి.

1920ల్లో అక్కడ పిస్టల్ కావాలంటే కేటలాగ్ చూసి డబ్బులు పంపితే చాలు, టపాలో ఇంటికొచ్చేది. ఒక రాష్ట్రం ఎన్ని రూల్స్ పెట్టుకున్నా పక్క రాష్ట్రం నుంచి పోస్ట్‌మాన్ మోసుకొచ్చి ఇచ్చేస్తుంటే ఇంకేం లాభం? అందుకని 1927 ఫిబ్రవరిలో ఒక చట్టం వచ్చింది, వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన జాన్ మిల్లర్ అనే కాంగ్రెస్ సభ్యుడు పట్టుబట్టి తెచ్చింది, ప్రెసిడెంట్ కూలిడ్జ్ సంతకం పెట్టాడు. ఒంటి మీద దాచుకోగలిగే తుపాకుల్ని మామూలు జనం పోస్టులో పంపకూడదు. రైఫిళ్ళు, షాట్‌గన్‌లు ఇందులోకి రావు. కానీ ఆపింది ప్రభుత్వ పోస్టుని ఒక్కదాన్నే, ప్రైవేట్ పార్సిల్ కంపెనీల జోలికి పోలేదు. వీధి తలుపుకి గడియ పెట్టి దొడ్డి తలుపు బార్లా తీసిపెట్టినట్టు అన్నమాట. 1938లో ఇంకో చట్టం వచ్చి డీలర్లకి ఏడాదికి 1 డాలర్ ఫీజుతో లైసెన్స్ పెట్టింది, దాంతో పెద్దగా మారిందేం లేదు.

ఆ దొడ్డి తలుపు ఎంత పెద్దదో 1963లో తెలిసింది. డల్లాస్‌లో ఉన్న లీ హార్వీ ఓస్వాల్డ్, హైడెల్ అనే దొంగ పేరుతో రెండు ఆర్డర్లు పెట్టాడు. చికాగోలోని క్లైన్స్ షాపు నుంచి ఇటలీ రైఫిల్, తుపాకీ 19.95 డాలర్లు, పంపే ఖర్చుతో కలిపి 21.45. లాస్ ఏంజిలస్‌లోని సీపోర్ట్ ట్రేడర్స్ నుంచి 29.95 డాలర్ల రివాల్వర్. రెండూ ఒకే రోజు, 1963 మార్చి 20న బయల్దేరాయి. రైఫిల్ మామూలు పోస్టులో అతని పోస్ట్ బాక్స్‌కి వచ్చేసింది, అది అప్పటికి తప్పేం కాదు. రివాల్వర్ మాత్రం 1927 చట్టం వల్ల పోస్టులో రాకూడదు కాబట్టి రైల్వే ఎక్స్‌ప్రెస్ ఏజెన్సీ అనే ప్రైవేట్ కంపెనీ ద్వారా, క్యాష్ ఆన్ డెలివరీ మీద వచ్చింది. ముందు 10 డాలర్లు కట్టాడు, మిగతాది డెలివరీలో. ఎక్కడా చట్టం అడ్డు పడలేదు చూడండి, దారి మార్చుకుంది అంతే. ఆ రైఫిల్‌తోనే నవంబర్ 22న ప్రెసిడెంట్ కెనడీని, కాసేపటికి ఈ రివాల్వర్‌తో టిప్పిట్ అనే పోలీసాయన్ని చంపాడని ఆ హత్య మీద ప్రభుత్వం వేసిన వారెన్ కమిషన్ తేల్చింది.

కనెక్టికట్ సెనేటర్ థామస్ డాడ్ మెయిల్ ఆర్డర్ తుపాకుల మీద అంతకు ముందు నుంచే విచారణలు నడుపుతున్నాడు, కెనడీ చనిపోకముందే బిల్లు కూడా పెట్టాడు. కనెక్టికట్ అంటే కోల్ట్, వించెస్టర్ కంపెనీల పుట్టిల్లు, బయటి నుంచొచ్చే చవక తుపాకులంటే అక్కడ ఎవరికి మంట ఉంటదో ఊహించుకోవచ్చు. ఏదైతేనేం, ప్రెసిడెంట్ పోయాక కూడా ఐదేళ్ళు ఆ బిల్లు కదల్లేదు. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్, జూన్‌లో కెనడీ తమ్ముడు రాబర్ట్ కెనడీ హత్యలు జరిగాక గానీ కాంగ్రెస్ లేవలేదు. జూన్ 19న ప్రెసిడెంట్ జాన్సన్ సంతకం పెట్టిన చట్టం పిస్టళ్ళని, అక్టోబర్ 22న వచ్చిన గన్ కంట్రోల్ యాక్ట్ రైఫిళ్ళని కూడా పట్టుకుంది. విచిత్రం ఏంటంటే ఆ రెండు హత్యల్లో వాడిన తుపాకులు పార్సిల్‌లో వచ్చినవి కావు, ఒకటి షాపులో కొన్నది, ఇంకోటి చేతులు మారి వచ్చింది.

మావాడికి అడ్డం పడేది ఈ 1968 చట్టమే. డీలర్ లైసెన్స్ లేని మనిషి వేరే రాష్ట్రంలో ఉండే లైసెన్స్ లేని మనిషికి తుపాకీ అమ్మకూడదు, ఇవ్వకూడదు, గిఫ్ట్ కూడా అంతే, పార్సిలే కాదు, కార్లో వెళ్ళి చేతికిచ్చినా అంతే. ఐదేళ్ళ దాకా జైలు. కుటుంబానికి మినహాయింపు లేదు, ఉన్నదల్లా వీలునామాలోనో వారసత్వంగానో వస్తే, లేకపోతే వేటకో ఆటకో కొన్నాళ్ళు అరువిస్తే. అంటే మావాడు పోతే పిస్టల్ తమ్ముడికి హాయిగా వెళ్తుంది, బతికుంటే తిప్పలు! చట్టబద్ధమైన దారి ఒకటుంది, పిస్టల్ తమ్ముడుండే రాష్ట్రంలో లైసెన్స్ ఉన్న డీలర్‌కి చేరాలి, అక్కడ తమ్ముడు 4473 అనే ఫారం నింపాలి, తుపాకీ ఇవ్వకూడని మనిషేమో చూసే బ్యాక్‌గ్రౌండ్ చెక్ పాసవ్వాలి. కంప్యూటర్‌లో అప్పటికప్పుడు చూసే ఆ చెక్ 1993 బ్రేడీ చట్టం పుణ్యం, 1998 నవంబర్‌లో మొదలైంది. ఇక డీలర్ దాకా చేర్చడం ఇంకో తలనొప్పి, 2022 నుంచి యూపీఎస్, ఫెడెక్స్ అనే ప్రైవేట్ పార్సిల్ కంపెనీలు లైసెన్స్ ఉన్నవాళ్ళ దగ్గర తప్ప తుపాకీ పార్సిల్ తీసుకోం అంటున్నాయి, కాబట్టి పంపేవాడు కూడా తన ఊళ్ళో డీలర్ దగ్గరికే వెళ్ళాలి. 1927 పోస్టు చట్టం మీద కూడా ఇప్పుడు కోర్టులో కేసులు నడుస్తున్నాయి.

అన్నీ పద్ధతిగా చేసినా ఇరుక్కున్నవాళ్ళు ఉన్నారు. వర్జీనియాలో అబ్రామ్‌స్కీ అనే మాజీ పోలీసు, తనకి డిస్కౌంట్ వస్తుందని పెన్సిల్వేనియాలో ఉన్న అంకుల్ కోసం 2009లో గ్లాక్ 19 పిస్టల్ కొన్నాడు. అంకుల్ ముందే 400 డాలర్ల చెక్కు పంపాడు. పిస్టల్‌ని పెన్సిల్వేనియా డీలర్ ద్వారానే అంకుల్‌కి ఇచ్చాడు, అంకుల్ బ్యాక్‌గ్రౌండ్ చెక్ కూడా పాసయ్యాడు. తప్పెక్కడంటే, కొనేటప్పుడు ఫారంలో అసలు కొనుగోలుదారు నువ్వేనా అన్న ప్రశ్నకి అవునని టిక్ పెట్టాడు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది, 2014లో 5–4 మెజారిటీతో అతనిదే తప్పన్నారు.

ఇదంతా చెప్పి ఫోన్ పెట్టేసే ముందు అసలు సంగతి గుర్తొచ్చి, మీ తమ్ముడిది ఏ వీసారా అనడిగా. హెచ్‌వన్‌బీ అన్నాడు. 1998లో వచ్చిన సవరణ ప్రకారం అలా టెంపరరీ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడమే నేరం, తెలిసి ఇచ్చినవాడిది కూడా, డీలర్ ద్వారా వెళ్ళినా కుదరదు. వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉందిలే అన్నా. మా తమ్ముడా, వాడు బొద్దింకని చూస్తేనే మంచం ఎక్కుతాడు అన్నాడు.