రైలు గేటు బదులు సబ్‌వే: నీళ్ల తగువు ఎక్కడ మొదలైంది

ఈశాన్య రుతుపవనాల వానలు పట్టుకుంటే నెల్లూరులో మాగుంట లేఅవుట్, రామలింగాపురం అండర్ బ్రిడ్జిల కింద నీళ్లు నిలుస్తాయి. పల్లెల్లో పట్టాల కింద రోడ్డు దూరి వెళ్లే సబ్‌వేలు మునుగుతాయి. తోడాల్సింది రైల్వేనా, పంచాయతీనా అన్న తగువు మళ్లీ లేస్తుంది. ఈ దారిలో 1899లో పట్టాలు పడ్డ కథ అందరికీ తెలిసిందే. పల్లెల తగువుకు మూలం మాత్రం మొన్నమొన్నటిది.

2014 జులైలో తెలంగాణలోని మాసాయిపేట దగ్గర, 2018 ఏప్రిల్‌లో యూపీలోని కుశీనగర్‌లో, కాపలా లేని గేట్ల వద్ద బడిపిల్లల బండ్లను రైళ్లు ఢీకొన్నాయి. 2019 జనవరికల్లా బ్రాడ్‌గేజ్ మీద అలాంటి గేట్లన్నీ ఎత్తేశారు. ఆ ఊపు కాపలా ఉన్న గేట్లకూ పాకింది. ప్రాణాలు కాపాడామని రైల్వే చెప్పేది నిజమే. గేటు బదులు ఏం కట్టారన్నదే ప్రశ్న.

ఓవర్ బ్రిడ్జి ఖర్చు రైల్వే, రాష్ట్రం చెరిసగం పెట్టుకోవాలంటే రోజుకు తిరిగే రైళ్లను వాహనాల లెక్కతో గుణిస్తే 1 లక్ష దాటాలి. పల్లె గేటుకు అంత లెక్క తేలడం కష్టం. కాబట్టి తక్కువ ఎత్తు సబ్‌వే. కొన్ని గంటలు రైళ్లు ఆపి, పట్టాలు విప్పి, పొక్లెయిన్‌తో కట్ట కోసి, ముందే పోసిన కాంక్రీటు బాక్సులను క్రేన్‌తో దింపి, మళ్లీ పట్టాలు కలిపేస్తారు. ఆ హడావుడిలో బాక్సుల మధ్య అతుకు సరిగా మూయకపోతే ఊటనీరు దిగుతుంది. వరి మళ్ల పక్కనైతే వాన అక్కర్లేదు, కాలువకు నీళ్లు వదిలితే చాలు.

దిగుడు రోడ్డు రెండు వైపులా కలిపి 1,000 చదరపు మీటర్లుంటే 100 మిల్లీమీటర్ల వానకు 1 లక్ష లీటర్లు చేరతాయి. మంచి పంపు దీన్ని తోడేస్తుంది. దిగుడు మొదట్లో రోడ్డును ఎత్తు చేయకపోతే పొలాల నీళ్లూ లోపలికే వస్తాయి, అప్పుడు పంపు చాలదు. పైగా గాలివానకు ముందు పోయేది కరెంటే. జనరేటర్ లేకపోతే, నీళ్లు చేర్చి తోడే గుంత, అంటే సంపు, ఉన్నా లేనట్టే.

బాక్సు వరకే మా బాధ్యత, బయటి కాలువ మీదే అని పంచాయతీతో అంటుంది రైల్వే. పంచాయతీ దగ్గర కాలువ తవ్వడానికి స్థలం లేదు, డబ్బూ లేదు. రైతుల కష్టం నీళ్లతో ఆగదు. వరికోత మిషన్, గడ్డి లారీ ఆ ఎత్తులో దూరవు. కోతలప్పుడు చుట్టూ తిరిగిన ప్రతి కిలోమీటరు డీజిలూ, మిషన్ అద్దె గంటలూ రైతు ఖాతాలోకే పోతాయి. గేటు తీసేటప్పుడు ఈ ఖర్చు ఎవరూ లెక్కలో వేయలేదు.

ఇప్పుడు విజయవాడ–గూడూరు మూడో లైను వస్తోంది. దానికోసం బాక్సు పొడిగించిన ప్రతిచోటా ఇంకో అతుకు పెరుగుతుంది. ఎత్తు చేసిన మొదలు, సంపు, జనరేటర్, వాగుదాకా కాలువ అదే టెండరులో చేర్చి, తర్వాత నడిపే బాధ్యత ఎవరిదో పని మొదలుకాకముందే రాతపూర్వకంగా తేల్చాలి.